నూటయాభై పూల కథ

ఐరిస్ అనే మాట మన ఇళ్ళలో రెండు విధాలుగా వినబడుతూ ఉంటుంది. మాబోటి వైద్యుల ఇళ్ళలో అది కంటికి సంబంధించిన మాట, కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర. కంప్యూటర్ ఉద్యోగాల వారి ఇళ్ళలో అది పాఠంలో మాట. యంత్రానికి వర్గీకరణ నేర్పే విద్యలో అక్షరాభ్యాసం వంటిది ఐరిస్ పట్టిక: 150 వరుసలు, వరుసకు నాలుగు కొలతలు, చివర ఒక పేరు. మన పిస్కాటవేలోనూ, పక్కన ఎడిసన్‌లోనూ ఆ పట్టిక చూడని తెలుగు ఇంజనీరు దొరకడం కష్టం. అయితే ఆ పేరు గల పువ్వును చూశారా అని అడిగితే జవాబు చెప్పేవారు తక్కువ. గ్రీకుల పురాణంలో ఐరిస్ ఇంద్రధనుస్సుకు అధిదేవత. కంటి పొరకూ, పువ్వుకూ ఆమె పేరే పెట్టారు.

ఆ పువ్వు ఎక్కడో లేదు. మే నెలాఖరు నుండి జూన్ దాకా మన న్యూ జెర్సీ తడినేలల్లో, వాగుల ఒడ్డున, నీలంగా పూస్తుంది. దానికి తెలుగులో పేరు లేదు. మన మైదానాల ఎండకు ఆగే మొక్క కాదు కనుక పేరు పెట్టవలసిన అవసరం మన పెద్దలకు కలగలేదు. హిమాలయాలలో ఉంది, కాశ్మీరులో సమాధుల మీద నాటే తెల్లని ఐరిస్ ప్రసిద్ధమే. పేరు లేకపోయినా దాని చరిత్రలో ఒక తెలుగువారి పేరు గట్టిగా ఉన్నది. ఒక నీలిపువ్వును మరొక నీలిపువ్వు నుండి విడదీయడానికి తీసిన కొలతలు ఎవరి చేతుల మీదుగా మన దాకా వచ్చాయో, ఆ విద్య పూలను వదిలి మనుషుల మీదికి వెళ్ళినప్పుడు ఏమయిందో చెప్పాలని మా ప్రయత్నం. దారిలో మన ఊరూ, ఇరుగు పొరుగు ఊళ్ళూ కూడా తగులుతాయి.

ముందు పువ్వును విప్పి చూద్దాం. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివినవారు మందారాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి, రక్షక పత్రాలు, ఆకర్షక పత్రాలు, కేసరాలు, అండకోశం అని రికార్డు పుస్తకంలో బొమ్మ గీసిన రోజులు మరచిపోయి ఉండరు. మందారంలో రక్షక పత్రాలు ఆకుపచ్చగా అడుగున అణగి ఉంటాయి, అందమంతా ఆకర్షక పత్రాలదే. ఐరిస్‌లో అలా కాదు. రక్షక పత్రాలు మూడూ రంగు వేసుకుని, నాలుకల్లాగా కిందికి వాలి ఉంటాయి. ఆకర్షక పత్రాలు మూడూ నిటారుగా నిలబడతాయి. ఇక కీలం సన్నని కాడలా ఉండక మూడు పాయలుగా చీలి, ఒక్కొక్క పాయా రేకులాగే వెడల్పుగా పెరిగి, వాలిన రక్షక పత్రం మీద గొడుగు పట్టినట్లు వంగుతుంది. తెలియనివారు తొమ్మిది రేకులంటారు. ఆ గొడుగు కింద కేసరం దాగి ఉంటుంది. తేనె కోసం తేనెటీగ ఆ సందులో దూరితే దాని వీపుకు పుప్పొడి అంటుకుంటుంది. అండాశయం పువ్వుకు అడుగున ఉంటుంది, లోపల మూడు గదులు. ఆకులు కత్తుల్లాగా నిలువుగా ఉండి, మొదట్లో ఒకదాన్నొకటి కౌగిలించుకుని ఉంటాయి. ఒక ఆకును నిలువునా మడిచి, లోపలి ముఖాలు రెండూ అతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఐరిస్ ఆకు. అడ్డుకోత కోసి చూస్తే నాళికాపుంజాలు రెండు వరుసలుగా, ఒకదానికొకటి ఎదురెదురుగా కనబడతాయి.

ఇక్కడ వసను గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేము. ఆంధ్రదేశం నుండి పురుడు పోయడానికి వచ్చే తల్లులు వసకొమ్ము వెంట తెస్తారు. మాటలు త్వరగా వస్తాయని అరగదీసి బిడ్డ నాలుకకు రాయడం మన ఆచారం. అతిగా మాట్లాడేవాడిని చూసి చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా అని అడగడం కూడా మన ఆచారమే. ఆ వస ఈ దేశపు చిత్తడి నేలల్లోనూ ఉంది. చిక్కంతా ఏమిటంటే, పువ్వు లేనప్పుడు వస ఆకు, ఐరిస్ ఆకు పక్కపక్కన పెడితే గుర్తు పట్టడం కష్టం. యూరప్ నుండి తోటలకు తెచ్చుకోగా తప్పించుకుని ఇక్కడి కాలువల వెంట అల్లుకుపోయిన పచ్చ ఐరిస్‌కు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సూడాకోరస్, అంటే దొంగ వస. నలిపితే వస ఘాటుగా వాసన వేస్తుంది, ఐరిస్ వేయదు. సూక్ష్మదర్శిని కింద వసలో నూనె నిండిన కణాలు కనబడతాయి. ఐరిస్ కుటుంబంలో వాటికి బదులు పొడుగాటి పట్టకాల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు మెరుస్తాయి. 19వ శతాబ్దపు అమెరికా వైద్యులు నీలి ఐరిస్ కొమ్మును గట్టి విరేచనకారిగా వాడేవారు. వస అనుకుని దానిని పసిబిడ్డకు పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఆ మాటకు వస్తే అసలు వస కూడా నిరపాయం కాదు. అందులోని బీటా అసరోన్ ఎలుకల్లో కణుతులు పుట్టిస్తుందని తేలి 1968లో ఈ దేశపు ప్రభుత్వం ఆహారంలో దాని వాడకం నిషేధించింది. ఈ దేశపు సొంత వసలో క్రోమోజోముల జతలు రెండు, అందులో ఆ పదార్థం లేదు. యూరప్ నుండి వచ్చినదానికి మూడు. మన దేశంలో ఎక్కువగా దొరికేదానికి నాలుగు, ఆ పదార్థం మిక్కిలి ఎక్కువ ఉండేది అందులోనే. అమ్మమ్మలు ఏమనుకున్నా సరే, ఏ వసనూ పసిపిల్లలకు పోయవద్దని వైద్యులుగా మా మనవి.

ఆకారంలో ఒకటిగా కనబడేవాటిని లోపలి నిర్మాణం విడదీస్తుంది అనడానికి వస చిన్న ఉదాహరణ. దీనికే జీవితంలో ఎన్నో ఏళ్ళు ధారపోసిన మనిషి ఎడ్గర్ ఆండర్సన్.

ఆండర్సన్ సెయింట్ లూయిస్‌లోని మిసోరీ బొటానికల్ గార్డెన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు. ఒక జాతి ఎక్కడ ముగిసి ఇంకొక జాతి ఎక్కడ మొదలవుతుంది అన్నది ఆయన ప్రశ్న. అరుదైన మొక్కను కాక, అందరూ దారిన పోతూ చూసే నీలి ఐరిస్‌ను ఎంచుకున్నాడు. 1753లోనే లినేయస్ ఈ ఖండపు నీలి ఐరిస్‌లకు వెర్సికలర్ అని ఒకటి, వర్జినికా అని ఒకటి రెండు పేర్లు పెట్టాడు. కాని తరువాతివారు రెంటినీ కలగలిపి వాడుకున్నారు. ఏది ఏదో తెలియక ఎండబెట్టిన నమూనాల మీద తలకొక పేరు వ్రాసి పెట్టారు. ఆండర్సన్ ఊరూరా తిరిగి, మడుగులలో దిగి, పూలూ కాయలూ గింజలూ చూసి, రెండూ వేర్వేరు జాతులేనని 1928లో ప్రకటించాడు. గుర్తులు చిన్నవి. వాలిన రక్షక పత్రం మొదట్లో పసుపు మచ్చ ఉంటుంది. వర్జినికాలో ఆ మచ్చ నిగ్గుగా ఉండి, దాని మీద మెత్తని నూగు ఉంటుంది. వెర్సికలర్‌లో ఆకుపచ్చ కలిసిన పసుపు. నూగు ఉండదు, సన్నని బుడిపెలు మాత్రం ఉంటాయి. పదిరెట్లు పెంచి చూపే లెన్సు ఉంటే చాలు, ఎవరైనా చూడవచ్చు. నమూనాలను కాగితాల మధ్య అదిమి ఎండబెట్టినప్పుడు ముందుగా చెడిపోయేవి ఇటువంటి గుర్తులే. అందుకే బీరువాల ముందు కూర్చున్న పండితులకు అందనిది మడుగులో దిగినవాడికి అందింది.

రెండు జాతులూ వేరని తేలాక ఇంకొక ప్రశ్న తలెత్తింది. ఈ వెర్సికలర్ ఎక్కడి నుండి వచ్చింది? ఇక్కడ కణాల లోపలి సంగతి అక్కరకు వచ్చింది. 1934లో కార్నెల్‌కు చెందిన రాండాల్ఫ్ ఐరిస్‌ల క్రోమోజోములు లెక్కపెట్టి ప్రకటించాడు. ఉత్తరాన చలిదేశంలో పెరిగే సెటోసా అనే మూడవ జాతికి 38. దక్షిణపు వర్జినికాకు 70. వెర్సికలర్‌కు 108. కూడిక వచ్చినవారు ఎవరైనా 38కీ 70కీ 108 అని ఇట్టే చెబుతారు. మామూలుగా బిడ్డకు తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వస్తాయి. సెటోసా, వర్జినికాలు కలిస్తే 19, 35 కలిసి 54 కావాలి. అటువంటి మొక్క పుట్టినా దాని క్రోమోజోములకు జోడు దొరకదు, గింజ కట్టదు, గొడ్డుగా మిగులుతుంది. కాని ఎప్పుడో ఒకసారి కణవిభజన తప్పి ఆ 54 రెట్టింపయితే ప్రతిదానికీ జోడు దొరుకుతుంది, మొక్క ఫలిస్తుంది. అమ్మానాన్నల ఆస్తిలో సగం సగం కాక, రెండిళ్ళ సామానూ మొత్తం తెచ్చుకుని వేరు కాపురం పెట్టినట్లన్నమాట.

అయితే ఈ రెండూ కలిసింది ఎక్కడ? ఈనాడు సెటోసా అలాస్కాలోనూ, ఖండానికి ఈ కొసన సెయింట్ లారెన్స్ సముద్రశాఖ తీరాలలోనూ ఉంది, మధ్యలో లేదు. వర్జినికా దక్షిణాన, గల్ఫ్ తీరం నుండి మిసిసిపీ లోయ వెంట పెద్ద సరస్సుల దాకా. వెర్సికలర్ ఈశాన్యాన, పూర్వం మంచు కప్పిన నేలల మీద. ఒకనాడు ఉత్తరాది మొక్కలను మంచు దక్షిణానికి తరిమినప్పుడు సెటోసా వచ్చి వర్జినికాను కలిసి ఉండాలి, మంచు కరిగి ఖాళీ అయిన నేలను వాటి సంతానం ఆక్రమించి ఉండాలి అని 1936లో ఆండర్సన్ ఊహించాడు. వెర్సికలర్ గుణాలలో నుండి వర్జినికా గుణాలు తీసివేస్తే ఏది మిగలాలో లెక్క వేసి, దానికి సరిపోయే సెటోసా కోసం వెదకి, అలాస్కా లోపలి భాగంలోని రకాన్ని పట్టుకుని దానికి ఇంటీరియర్ అని పేరు పెట్టాడు. ఒక చిన్న సంగతి మన ఊరివారికి ముచ్చటగా ఉంటుంది. చివరి మంచుయుగంలో హిమానీనదం ఆగిపోయిన గట్టు న్యూ జెర్సీలో పెర్త్ ఆంబోయ్ నుండి మెటుచన్, ప్లెయిన్‌ఫీల్డ్‌ల మీదుగా పోతుంది. అంటే మనం కాయగూరలు కొనుక్కునే వీధుల దగ్గరదాకా మంచు వచ్చి ఆగిందన్నమాట. ఆండర్సన్ ఊహ 70 ఏళ్ళు ఊహగానే ఉండి, 2007లో రుజువైంది. సెటోసా, వర్జినికాల డి.ఎన్.ఏ.కు వేర్వేరు రంగులు కట్టి వెర్సికలర్ క్రోమోజోముల మీద వేసి చూస్తే, ఏవి ఎవరి వంతో విడివిడిగా వెలిగాయి.

ఇంతకూ ఆ 150 పూల సంగతి. వెర్సికలర్ రెండు జాతుల సంతానమైతే దాని కొలతలు ఆ రెంటికీ మధ్యలో పడాలి కదా. క్యూబెక్‌లోని గాస్పే ద్వీపకల్పంలో సెటోసా, వెర్సికలర్ రెండూ ఒకే పచ్చికబయలులో పూస్తున్న చోటు ఆండర్సన్‌కు దొరికింది. ఒకే రోజు, ఒకే చోట, ఒకే మనిషి, ఒకే పరికరంతో ఒక్కొక్క జాతివి 50 పూలు కొలిచాడు. రక్షక పత్రం పొడవు, వెడల్పు, ఆకర్షక పత్రం పొడవు, వెడల్పు, సెంటీమీటరులో పదవ వంతు వరకు. వర్జినికా 50 పూలు మాత్రం వేరే చోటివి. రోగి బరువు ఇంట్లో తూకానికీ క్లినిక్ తూకానికీ తేడా వస్తే ఎంత తికమకో మాకు తెలుసు. ఒకే చేయి, ఒకే పరికరం అన్నది అందువల్లనే మాకు మెచ్చదగినదిగా తోస్తుంది.

ఆండర్సన్ 1929, 30 సంవత్సరాలలో ఇంగ్లండులో ఉన్నప్పుడు రోనాల్డ్ ఫిషర్‌తో పరిచయమైంది. ఫిషర్ గణాంకశాస్త్రంలో ఆ కాలపు మేటి. ఆండర్సన్ కొలతలు తీసుకుని 1936లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఆయన అడిగిన ప్రశ్న ఇది: నాలుగు కొలతలున్నప్పుడు ఒక్కొక్కదానికి ఎంత విలువ ఇచ్చి కలిపితే రెండు జాతులు ఒకదానికొకటి వీలైనంత దూరంగా జరుగుతాయి? పులుసులో చింతపండు, బెల్లం, ఉప్పు, కారం ఒక్కొక్కటి ఎంత పడితే ఆ రుచి వస్తుందో అన్నట్లు, దేనికి ఎంత అన్నది లెక్కకట్టే మార్గం చెప్పాడు. కొన్నిటిని కలపాలి, కొన్నిటిని తీసివేయాలి. ఒకే జాతిలోపల పువ్వుకూ పువ్వుకూ ఉండే తేడా తక్కువగా, జాతికీ జాతికీ ఉండే తేడా ఎక్కువగా కనబడాలి. ఇదే విచక్షణ ఫలం అనదగిన లెక్క. రోగుల రక్తపరీక్షల అంకెలు నాలుగైదు కలిపి ఒక అంకె చేసి, ప్రమాదం ఎక్కువా తక్కువా అని చెప్పే పద్ధతులు వైద్యంలో ఈనాడు చాలా ఉన్నాయి. వాటి పూర్వీకులలో ఇదొకటి.

సెటోసాను విడదీయడానికి ఇంత తంటా అక్కరలేదు. దాని ఆకర్షక పత్రం కుంచించుకుపోయి ముల్లులా ఉంటుంది. సగటు పొడవు ఒకటిన్నర సెంటీమీటరు, వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు. వెర్సికలర్, వర్జినికాలు మాత్రం కొంత కలిసిపోతాయి. ఊహను పరీక్షించడమే ఫిషర్‌కు ముఖ్యం. వెర్సికలర్‌లో వర్జినికా వంతు సెటోసా వంతుకు రమారమి రెట్టింపు గనుక, వెర్సికలర్ వర్జినికాకు దగ్గరగా, సెటోసాకు రెట్టింపు దూరంగా ఉండాలి. ఆకర్షక పత్రం పొడవు సగటులు పాఠకులే వేసి చూడవచ్చు: సెటోసా 1.46, వెర్సికలర్ 4.26, వర్జినికా 5.55. మొదటి తేడా 2.80, రెండవది 1.29. ఇంచుమించు రెండింతలు. రక్షక పత్రం వెడల్పు మాత్రం మాట వినదు, అందులో వెర్సికలర్ మధ్యలో పడక రెంటికంటే తక్కువగా ఉంటుంది. ప్రకృతి మన సూత్రానికి కట్టుబడి పూయాలని ఎక్కడా లేదు.

ఇంతవరకు పూల సంగతి. ఆ వ్యాసం అచ్చయిన పత్రిక పేరు ఆనల్స్ ఆఫ్ యూజెనిక్స్. మనుషులలో మేలుజాతిని పెంచి, కీడుజాతిని పెరగనీయకుండా చేయాలన్న సిద్ధాంతం పేరు యూజెనిక్స్. ఫిషర్ అప్పుడు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆ విద్యకే ఆచార్యుడు, దానిని మనసా నమ్మినవాడు. 1954లో ఆ పత్రిక పేరు మార్చుకుంది.

ఇది లండను గొడవ, మనకెందుకు అనుకోవద్దు. అంతకు పాతికేళ్ళ ముందే, 1911లో, మన న్యూ జెర్సీ శాసనసభ ఒక చట్టం చేసింది. ప్రభుత్వ ఆశ్రమాలలో ఉన్న బుద్ధిమాంద్యం వారినీ, మూర్ఛరోగులనూ, కొందరు నేరస్థులనూ వైద్యులతో కూడిన బోర్డు పరీక్షించి సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించవచ్చు. సంతకం చేసిన గవర్నరు ఉడ్రో విల్సన్, తరువాత దేశాధ్యక్షుడైన ఆయనే. ఎంచుకున్న మనిషి ఆలిస్ స్మిత్ అనే స్త్రీ. ఆమె మన పక్క సోమర్సెట్ కౌంటీలో, స్కిల్‌మన్‌లో ఉన్న మూర్ఛరోగుల ఆశ్రమంలో ఉండేది. వ్యాజ్యం నడిచింది. 1913లో రాష్ట్ర సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఆశ్రమంలో ఉన్న బీదవారికి ఒక న్యాయం, ఇళ్ళలో ఉన్న అటువంటి రోగులకే ఇంకొక న్యాయం చెల్లదని కోర్టు అభిప్రాయం. మూర్ఛరోగానికి రోజూ మందు వ్రాసే మాబోటివారికి ఈ కథ చదివితే చేయి ఆగుతుంది. ఆ బోర్డులో కూర్చున్నవారు కసాయివాళ్ళు కారు, మా వృత్తివారే.

మన తెలుగువారి ప్రవేశం ఇప్పుడు. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1920 సెప్టెంబరు 10న బళ్ళారి జిల్లా హడగలిలో పుట్టారు. తెలుగు కుటుంబం, ఎనిమిదవ సంతానం. కృష్ణుడు దేవకికి ఎనిమిదవవాడు కనుక ఆ పేరు పెట్టారట. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు, బదిలీల ఉద్యోగం. గూడూరు, నూజివీడు, నందిగామలలో చదువు సాగి, చివరికి విశాఖపట్నం చేరారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితంలో ఎం.ఏ. ప్రథమశ్రేణిలో పూర్తిచేసి, ఉద్యోగం వెదుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941 జనవరిలో మహలనోబిస్ స్థాపించిన గణాంకశాస్త్ర సంస్థలో చేరారు. 25 ఏళ్ళకు, 1945లో, ఆయన వ్రాసిన ఒక్క వ్యాసంలోని ఫలితాలు ఈనాటికీ ప్రపంచమంతటా ఆయన పేరుతోనే పాఠాలుగా చెబుతున్నారు.

1946లో కేంబ్రిడ్జ్‌లోని మానవశాస్త్ర ప్రదర్శనశాల నుండి పిలుపు వచ్చింది. సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వకాలలో దొరికిన అస్థిపంజరాల కొలతలను లెక్కకట్టి, ఆ ప్రాచీనులు ఎవరికి దగ్గరివారో తేల్చాలి. తవ్వించినది మందుల కంపెనీ అధిపతి హెన్రీ వెల్కమ్. మా మందుల పెట్టెలతో ఈ కథకు ఉన్న చుట్టరికం అదొకటి. పగలు ఆ పని, మరొక వంక ఫిషర్ దగ్గర పరిశోధన, ఆయన ప్రయోగశాలలో ఎలుకలను పెంచి జన్యువుల పటం గీయడం. 1948లో పి.హెచ్‌డి. వచ్చింది. ఆ ఏడే రావుగారు ప్రకటించిన వ్యాసం శీర్షిక ఫిషర్ ఐరిస్ వ్యాసం శీర్షికకు ప్రతిధ్వనిలా ఉంటుంది. బహుళ కొలతలను జీవశాస్త్ర వర్గీకరణకు వాడుకోవడం దాని విషయం. ఫిషర్ రెండు వర్గాలను విడదీయడానికి చెప్పిన దారిని రావుగారు ఎన్ని వర్గాలున్నా నడవగల రహదారి చేశారు. ఈనాడు యంత్రాలు మూడు ఐరిస్‌లను ఒక్కసారి విడదీస్తున్నాయంటే ఆ రహదారి మీదనే.

ఆ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నవి పూలు కావు. 1941లో సంయుక్త రాష్ట్రాలలో, అంటే నేటి ఉత్తరప్రదేశ్‌లో, మజుందార్ కొలిపించిన మనుషులు. మూడు వర్గాలు: బ్రాహ్మణులు, చేతివృత్తులవారు, కోర్వా గిరిజనులు. నాలుగు కొలతలు: నిలిచినప్పటి ఎత్తు, కూర్చున్నప్పటి ఎత్తు, ముక్కు లోతు, ముక్కు ఎత్తు. ఒక మనిషి కొలతలు ఇస్తే అతడు ఈ ముగ్గురిలో ఎవరో చెప్పే లెక్క.

ఇది చదివినప్పుడు మాకు కలిగిన ఇబ్బందిని దాచడం మంచిది కాదనిపించింది. ఒక తెలుగువాడు ఫిషర్ విద్యను మించి పెంచాడని గర్వం ఒక వైపు. ముక్కు కొలిచి కులం చెప్పే లెక్క మన చేతుల మీదుగా జరిగిందే అని కలత ఒక వైపు. మన వాళ్ళలో కొందరు ఆ ఉదాహరణను చెప్పకుండా దాటవేస్తారు, కొందరు అదొక్కటే పట్టుకుని ఆయనను తూలనాడతారు. రెండూ సరికాదని మా అభిప్రాయం. రావుగారు కేంబ్రిడ్జ్‌లో వెదికినది ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని కాదు; ఎముకలను చూసి చుట్టరికం ఎంతవరకు చెప్పగలమని. చేతిలో ఉన్న కొలతలతో లెక్క చూపారు. అయినా పువ్వుకూ మనిషికీ తేడా చెప్పవలసిందే. వెర్సికలర్ వేరు అని ఆండర్సన్ చెప్పినప్పుడు ఆ మాట వెనుక గింజ పొర ఉంది, మచ్చ మీద నూగు ఉంది, 108 క్రోమోజోములు ఉన్నాయి. కొలతలు సాక్షులలో ఒకరు మాత్రమే. బ్రాహ్మణునికీ కోర్వాకూ వెనుక అటువంటి సాక్షి ఎవరూ లేరు, ఇద్దరికీ క్రోమోజోములు 46. ఎత్తులో తేడా ఉందంటే అది కులానిదా కూటిదా అన్నది ముందు అడగవలసిన ప్రశ్న. బాల్యంలో తిండి చాలకపోతే ఎముక ఎదగదని మా వృత్తిలో ప్రతివారికీ తెలుసు. పైగా ఆ లెక్కకు వర్గాల పేర్లు ముందుగా మనమే ఇస్తాము. ఇచ్చిన అరలలో ఏ అరలో పెట్టాలో అది చెబుతుంది, ఆ అరలు నిజమా కాదా అని చెప్పదు. పిస్కాటవేలోని మన పిల్లలు ఇంజనీర్లయి వ్రాసే ప్రోగ్రాములు ఈనాడు అప్పు ఎవరికి ఇవ్వాలో, ఆసుపత్రిలో ఎవరిని ముందు చూడాలో చెబుతున్నాయి. అరల పేర్లు ఎవరు పెట్టారని అడగడం వారికి మొదటి పాఠంలోనే నేర్పితే బాగుండును.

ఆ మొదటి పాఠం వారి చేతికి వచ్చిన దారి కూడా మన పెరటి దారే. మనకు ఉత్తరాన కొద్ది మైళ్ళ దూరంలో, మర్రే హిల్‌లోని బెల్ ప్రయోగశాలలలో 1976లో ఎస్ అనే గణాంకభాష పుట్టింది. 1988లో దాని గురించి వచ్చిన పుస్తకంలో ఐరిస్ పట్టిక ఉంది. దాని వారసురాలైన ఆర్ భాషలో ఇప్పటికీ ఉంది. అదే 1988లో కాలిఫోర్నియాలోని ఇర్వైన్ విశ్వవిద్యాలయపు భాండాగారానికి మరొక ప్రతి చేరింది. చేతులు మారిన కొద్దీ మన తాళపత్రాలలో లేఖకదోషాలు చేరినట్లే ఇందులోనూ చేరాయి. 35వ పువ్వులో ఒక అంకె, 38వ పువ్వులో రెండు అంకెలు తప్పు. ఈ సంగతి 1999లో ఐ.ఇ.ఇ.ఇ. వారి పత్రికలో, అసలు ఐరిస్ ఏది, లేచి నిలబడు అన్నట్లుగా హాస్యంగా పెట్టిన శీర్షికతో వచ్చింది. ఐ.ఇ.ఇ.ఇ. కార్యాలయం ఎక్కడో మన సభ్యులకు చెప్పనక్కరలేదు, మన హోస్ లేన్ మీదనే. 2020 తరువాత కొందరు ఉపాధ్యాయులు యూజెనిక్స్ మచ్చ ఉన్నదని ఈ పట్టికను మాని పెంగ్విన్ పక్షుల కొలతలతో పాఠం చెబుతున్నారు. వారి ఉద్దేశం మంచిదే. కాని ఆ పూలు కోసినది, కొలిచినది ఆండర్సన్. పేరు మాత్రం లోకంలో ఫిషర్ ఐరిస్ అని పడిపోయింది. పట్టికను పారవేయడంకన్నా దాని కథ చెప్పడం మేలని మాకు తోస్తుంది.

రావుగారు 1979లో ఈ దేశం వచ్చి పిట్స్‌బర్గ్‌లోనూ, 1988 నుండి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేశారు. ఉద్యోగ విరమణ వయసులో వలస వచ్చి మళ్ళీ మొదలుపెట్టినవారు. 2001లో పద్మవిభూషణ్, ఆ తరువాత ఈ దేశాధ్యక్షుని చేతుల మీదుగా జాతీయ విజ్ఞాన పతకం, 2023లో గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి. అదే సంవత్సరం ఆగస్టు 22న, 102 ఏళ్ళు నిండి, న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేర ఒక సంస్థ ఉంది.

పువ్వును చూడాలనుకునేవారికి రెండు మాటలు. తోట ఐరిస్‌ల కోసమైతే అప్పర్ మాంట్‌క్లేర్‌లో ప్రెస్బీ స్మారక ఉద్యానం ఉంది. అమెరికా ఐరిస్ సంఘ స్థాపకులలో ఒకరైన ఫ్రాంక్ ప్రెస్బీ జ్ఞాపకార్థం 1927లో వేశారు, మే మధ్య నుండి జూన్ మొదటి వారం వరకు చూడదగినది. పిల్లలను తీసుకువెళ్ళండి, కాని తోటమాలులు సంకరం చేసి చేసి పెంచినవి కనుక జాతులు గుర్తు పట్టాలని వారిని వేధించకండి. ఆండర్సన్ చూసిన పువ్వు కావాలంటే వాగు ఒడ్డుకే వెళ్ళాలి. పార్కులలో కోయరాదు, లెన్సు పెట్టుకుని వంగి చూడవచ్చు. పసుపు మచ్చ మీద నూగు లేదంటే వెర్సికలర్. పూలకాలం తప్పిపోయినా ఫరవాలేదు. శరదృతువులో కాయలు ఎండి చీలుతాయి. గింజ పైపొర గట్టిగా, నిగనిగలాడుతూ, సన్నని గరుకుతో ఉంటే వెర్సికలర్. బెండులాగా తేలికై, మెరుపు లేక, గుంటలు పడి ఉంటే వర్జినికా.